నలభై ఒకటో పలక

పొదిలి దాటాక
ఫారాల సంచిని ఒళ్లోకి తీసుకుంటాను.
అరవైమూడు మంది ఉన్నారందులో, అంకెలై.
పేర్లు ఒంగోల్లో ఉన్నాయి,
బీరువాలో, తాళం కింద.

మార్కాపురం, తర్లుపాడు రోడ్డు.
పలకల ఫ్యాక్టరీ రేకుల షెడ్డులో
ఇప్పుడు మేకలు నెమరేస్తున్నాయి.
దాని వెనకింట్లో నలభై ఒకటి,
నులక మంచం మీద, కూర్చునే.
వెల్లకిలా పడుకుని మూడేళ్లయింది.

"ఊదు మామా, ఇంకా, ఇంకా, ఇంకా..."
మొదటి ఏడు లీటరున్నర.
నిరుడు లీటరూ పావు.
ఇవాళ ముల్లు లీటరు గీత దాకా
ఈడ్చుకుంటూ వచ్చి కూలబడింది.
"రెండు పాల ప్యాకెట్లు" అని
నవ్వబోయి దగ్గాడు.
దగ్గు అయ్యేదాకా
నేను పెన్ను మూత చూస్తూ కూర్చున్నాను.

మొదట టీబీ అన్నారు.
ఆరు నెలలు మాత్రలు, మళ్లీ ఎనిమిది నెలలు.
మాత్రల పేరు గుర్తులేదాయనకి,
ఒంటేలు ఎర్రగా రావడం గుర్తుంది.
తర్వాత ఫిల్ములో కోడిగుడ్డంత మచ్చ.
క్యాన్సరేమోనని సూది దించారు.
సగం అగ్గిపుల్లంత ముక్క
సీసాలో నా దగ్గరకొచ్చింది.
(ల్యాబులోనూ నేనే, ఊళ్లోనూ నేనే.
ప్రాజెక్టుకి జీతం ఒకటే.)

మైనంలో నిలబెట్టి కోస్తుంటే
బ్లేడు కిర్రుమంది.
ఊపిరితిత్తి కిర్రుమనకూడదు.
తడిసిన దూదిలా జారిపోవాలి.
తీసి చూస్తే బ్లేడు అంచున నొక్కు.

ఊదా, గులాబీ అద్దాం.
ఉల్లిపాయని అడ్డంగా కోసినట్టు
చుట్టులోపల చుట్టు, లోపల ఇంకో చుట్టు,
నడుమ ఏమీ బతికి లేదు.
డాక్టరమ్మ వెలుతుర్ని ఓ పక్కకి తిప్పింది.
అంతా చీకటై,
అందులో సన్నగా, చెల్లాచెదురుగా మెరుపులు.
"క్యాన్సర్ కాదు" అంది, తేలిగ్గా.
కానిదానికి మందుంది.
అయినదానికి లేదు.

ఒకరోజు తనే వచ్చాడు ఒంగోలు,
నా ముక్క నాకు చూపిచ్చమని.
స్టూలు మీద కూర్చోబెట్టాను.
ఒక కన్ను మూసి చానాసేపు చూశాడు.
"ఎవురు కోసిందమ్మాయ్?"
"నేనే."
"పొరకి అడ్డం కోశావు.
రాయిని పొరెంట చీల్చాల.
ఉలి ఆనిచ్చి చెవి పెడితే
యాడ ఇస్తదో అదే చెప్తది."
వెలుతురు తిప్పాను.
మాట ఆగింది.
"ఇది మా గోతిలోదే.
తెల్ల చార రాయి.
అది కోసిన పొద్దు
రెండు ముంతల నీళ్లు తాగినా
గొంతులో ఇసక పోయేది కాదు."

రోజుకి మూడొందల పలకలంట.
దర్శి ఎలిమెంటరీ స్కూల్లో
ఉమ్మేసి మోచేత్తో తుడిచిన నా పలక
ఏ పొద్దుటిదో అడగలేదు.

ఒప్పుకోలు కాగితం చదివి వినిపించాను, మూడోసారి.
'ఈ పరిశోధన వల్ల మీకు నేరుగా
ప్రయోజనం ఉండకపోవచ్చును.'
"మరి ఎవురికి?"
"తర్వాత వచ్చేవాళ్లకి."
షెడ్డులో మేకల వైపు చూశాడు.
బొటనవేలికి సిరా పూసి ఒత్తాను.
నల్లటి కోడిగుడ్డు పడింది, గీతల్లేవు.
రాయి అరగదీసేసింది.
"అయినా నాదే" అన్నాడు.

చివరి పేజీలో ఐదు గళ్లు:
మెరుగు, యథాతథం, క్షీణత, మరణం, ఆచూకీ లేదు.
మూడో గడిలో టిక్కు పెడుతుంటే
ఏందది అని అడగలేదు.
తల పక్కకి వంచి
పెన్ను చప్పుడు విన్నాడు.

లేస్తుంటే అన్నాడు,
"వచ్చే ఏడు ఆ గాజుపలక తెచ్చియ్యి.
మనవరాలికి చూపిస్తా."
"రూలు ప్రకారం మా దగ్గరే ఉండాలి మామా,
పదేళ్లు దాస్తాం."
"పదేళ్లా?"
ఆ మాటకి ఎంత గాలి ఖర్చయిందో
మిషను కొలవలేదు.

గొట్టం కొన ఊడదీసి
చెత్తసంచిలో వేశాను.
నలభై రెండు
రెండు వీధుల అవతల.